దిద్దే చెయ్యి

మా బ్యాలే బళ్ళో క్లాసుకి ముందు నేలకి నీళ్ళు పెడతారు, మొక్కలకి పెట్టినట్టే. రేకు క్యాను, దాని మూతికి చిల్లుల బిళ్ళ. ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్ళు పది నిమిషాలు ముందే వచ్చి, క్యానుతో గాల్లో ఎనిమిది అంకె వేస్తున్నట్టు ఊపుకుంటూ, హాలు ఆ చివర నుంచి తలుపు దాకా వెనక్కి వెనక్కి నడవాలి. చెక్క పలకలు నీళ్ళు తాగి నల్లబడతాయి. అప్పుడిక కాలు జారదు. తడిసిన చెక్క వాసన, బూట్లు జారకుండా అద్దుకునే రోజనం పొడి వాసన, వేడినీళ్ళ గొట్టాల మీద ఆరేసిన చెమట బట్టల వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా హాల్లో నిలబడిపోతుంది. అది ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు వెన్ను నిటారుగా అయిపోతుంది. నేను నిలబెట్టుకోను. అదే అయిపోతుంది.

ఆ బళ్ళో చేరినప్పుడు నాకు పదిహేనేళ్ళు. నా క్లాసులో మిగతావాళ్ళంతా పదేళ్ళకే చేరినవాళ్ళు. మాది లీస్వా అనే చిన్న ఊరు. అక్కడి క్లబ్బులో ల్యూదా అత్త వారానికి రెండు రోజులు బ్యాలే నేర్పేది. మిగతా ఐదు రోజులూ వంటింట్లో ఫ్రిజ్ పిడి పట్టుకుని, ఫోన్లో వీడియోలు చూసుకుంటూ నా అంతట నేనే నేర్చుకున్నాను. అమ్మ బీట్‌రూట్ సూపు కలుపుతూ నా కాలు ముక్కుకి తగలకుండా వంగి తప్పుకునేది. "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం, వంటిల్లు ఖాళీ అవుతుంది" అనేది. ఆగస్టులో నిజంగానే నన్ను ఈ బడికి ఇచ్చేసింది.

ప్రవేశ పరీక్షలో ముగ్గురు ఆడవాళ్ళు నా పాదం వంచి చూశారు, నడుము వెనక్కి విరిచి చూశారు, కాళ్ళు కొలిచారు. వాళ్ళలో సన్నగా, పొట్టి జుట్టుతో ఉన్నావిడ రిమ్మా అర్కాద్యెవ్నా. నా టీచర్ ఆవిడే అయింది.

"కాళ్ళు బావున్నాయి. పాదం బావుంది. మిగతాదంతా ఆలస్యం" అంది. "పదిహేనేళ్ళకి మొదలుపెట్టడమంటే ఏమిటో తెలుసా? అందరూ తిని చేతులు కడుక్కున్నాక కంచం ముందు కూర్చోవడం. డిసెంబరు పరీక్ష దాకా ఉంచుకుంటాం. కుదరకపోతే ఇంటికి."

"సరేనండీ" అన్నాను.

క్లాసులో గోడకి బిగించిన కర్ర వెంట ఎవరి చోటు వాళ్ళది. బాగా చేసేవాళ్ళు అద్దానికి ఎదురుగా, మధ్యలో. నాది తలుపు పక్కన, కర్ర అయిపోయే చోట. ఎవరు లోపలికొచ్చినా ముందు నా వీపుకే చలిగాలి కొట్టేది.

రిమ్మా అర్కాద్యెవ్నా నోరు మంచిది కాదు. "దినారా, ఆ భుజాలు చెవులకి కమ్మల్లా వేలాడేసుకున్నావేం?" "పోలీనా, నీ చేతికి ఎముక లేదా, ఉడకబెట్టేశావా?" అంటూ కర్ర వెంట నడిచేది. నోటితో అన్న ప్రతిదానికీ చెయ్యి కూడా వెళ్ళేది. రెండు వేళ్ళు డొక్క కింద గుచ్చడం, అరచేత్తో తొడ బయటికి తిప్పడం, గడ్డం పట్టి పైకెత్తడం. అలా దిద్దుకుంటూ, దిద్దుకుంటూ వచ్చి నా ముందున్న దినారా దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోయేది.

నా దగ్గరకి వచ్చేది కాదు.

మొదటి వారం హాయిగా ఉందనుకున్నాను. రెండో నెలకి అర్థమైంది. బ్యాలే బళ్ళో తిట్టడం లేదంటే బాగా చేస్తున్నావని కాదు, నీ మీద ఆశ లేదని. చెయ్యి ఎవరి మీద పడదో వాళ్ళు లేనట్టే.

బడి హాస్టల్లో దినారా నా గదిలోనే ఉండేది. తాతార్ పిల్ల, నోరు గడగడా. రాత్రి పడుకోబోయే ముందు చొక్కా ఎత్తి డొక్క చూపించేది. "చూడవే లీస్వా, ఎలా పొడిచిందో మహాతల్లి. నీలంగా లేదూ?" అని తిట్టుకునేది గానీ ఆ నీలం మచ్చని వేలితో నిమురుకునేది. నేను దుప్పటి కప్పుకుని నా ఒళ్ళు చూసుకునేదాన్ని. తెల్లగా, ఎక్కడా ఏమీ లేకుండా ఉండేది. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ జడ వేసేది, తలంటేది. ఇక్కడికొచ్చిన ఈ రెండు నెలల్లో నన్ను ఎవరూ ముట్టుకోలేదని ఆ చీకట్లో తట్టింది.

అమ్మ ఫోన్ చేసేది. "టీచరు ఏమంటోందే?"

"ఏమీ అనట్లేదమ్మా."

"అయితే బాగా చేస్తున్నావన్నమాట."

"ఊఁ."

బడికి సెలవు ఆదివారం ఒక్కటే. ఊళ్ళో వాళ్ళు ఇళ్ళకి పోయేవాళ్ళు, మిగిలినవాళ్ళు సినిమాలకి. నవంబరు మొదటి ఆదివారం కాపలా ఆవిణ్ణి అడిగి ఏడో హాలు తాళంచెవి తీసుకున్నాను. పాత భవనం చివర, మెట్ల పక్కన, చిన్న హాలు. అక్కడ ఇప్పుడు క్లాసులు జరగవు. ఒక అద్దం, గోడకర్ర, తాళం వేసిన పియానో, అద్దం ముందు టీచరు కూర్చునే వంపు చెక్క కుర్చీ. అంతే. మధ్యాహ్నం మూడున్నరకే కిటికీ బయట మంచు నీలంగా మారిపోయింది. నేలకి నీళ్ళు పెట్టుకుని, గంటన్నర ఒక్కదాన్నే చేసుకున్నాను. గొట్టాల్లో వేడినీళ్ళు అప్పుడప్పుడు టంగుమనేవి.

అయ్యాక వందనం పెట్టాను.

ప్రతి క్లాసు చివరా టీచరుకి, పియానో వాయించేవాళ్ళకి మోకాలు వంచి తల వంచుతాం. అది లేనిదే క్లాసు ముగియదు. ల్యూదా అత్త క్లబ్బులో ముగ్గురమే ఉన్న రోజు కూడా పెట్టించేది. నాకదే అలవాటు. పైగా ఆ సాయంత్రం ఎవరో ఒకరికి పెట్టాలనిపించింది. కుర్చీకి పెట్టాను. పియానోకి పెట్టాను. కుర్చీ కిర్రుమంది, చాలాసేపు వంగి చూస్తున్న మనిషి వెనక్కి వాలినప్పుడు చేసే చప్పుడులా. పాత చెక్క కదా అనుకుని, దీపం తీసేసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున గ్రెచ్కా గింజల గంజి ముందు కూర్చుని దినారా అడిగింది, "ఆదివారం ఎక్కడ చచ్చావే?"

చెప్పాను. వందనం మాట వినేసరికి చెంచా ఆపింది.

"ఖాళీ కుర్చీకా?" పకపకా నవ్వింది. "మీ ఇంట్లో ఫ్రిజ్‌కి కూడా పెట్టేదానివా?"

"ఏం, పెడితే ఏమైంది?"

నవ్వు తగ్గింది. "ఒంటరిగా చేసుకున్నప్పుడు పెట్టరే. తువ్వాలు తీసుకుని వచ్చేయడమే. మాకు చేరిన మొదటి వారమే చెప్పేస్తారు. నువ్వు అప్పుడు లేవుగా."

"ఎందుకు పెట్టరు?"

"ఎందుకేమిటి, నీ మొహం. వందనం పెట్టావంటే నేను మీ శిష్యురాలిని అని ఒప్పుకున్నట్టు. ఎవరికి ఒప్పుకున్నావు నువ్వు?" అని, నా పళ్ళెంలోంచి సాసేజి ముక్క పొడుచుకుని నోట్లో వేసుకుంది. "పోనీలే. కుర్చీ అయినా నిన్ను పట్టించుకుంటుందేమో."

తరవాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. పరీక్షకి ఆరు వారాలే ఉన్నాయి. క్యాను నింపుకుని, అద్దం వైపు నుంచి నీళ్ళు చల్లుకుంటూ తలుపు దాకా వచ్చి, దీపం వేసి చూశాను. నేలంతా నల్లగా తడిసింది. కుర్చీ ముందు మాత్రం రెండు చోట్ల పొడిగా ఉంది.

దగ్గరకి వెళ్ళాను. రెండు పాదాలంత చోటు. మడమలు దగ్గరగా, వేళ్ళు బయటికి తిరిగి... కుర్చీలో కూర్చున్న మనిషి పాదాల మీద నీళ్ళు పడితే కింద నేల తడవకుండా మిగిలినట్టు.

మైనం పడి ఉంటుంది అనుకున్నాను. క్యాను వంచి అక్కడే పోశాను. నీళ్ళు ఆ రెండు చోట్లకీ చుట్టూ తిరిగి పారాయి.

అప్పుడే వెళ్ళిపోవాల్సింది. కానీ వెళ్ళి ఏం చెయ్యాలి? గదిలో కూర్చుని నా ఒళ్ళు నేను చూసుకోవాలా? కర్ర పట్టుకున్నాను. కుర్చీ వైపు చూడకుండా మొదలుపెట్టాను. మోకాళ్ళు వంచి లేవడం, కాలు ముందుకి చాచడం, పక్కకి చాచడం. నాలుగోసారి కాలు పక్కకి చాచినప్పుడు, ఎడమ డొక్క కింద రెండు వేళ్ళు ఆనాయి.

చల్లగా లేవు. వెచ్చగానూ లేవు. సుద్దముక్కలా పొడిగా ఉన్నాయి.

అద్దంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

వేళ్ళు లోపలికి నొక్కి, పైకి ఎత్తాయి. నడుము దానంతటదే సర్దుకుంది. నిలబడిన కాలు మీద బరువంతా ఒక్కసారిగా చక్కగా కూర్చుంది. అన్నాళ్ళూ వీడియోలు చూసి ఎంత గింజుకున్నా దొరకని చోటు అది. ఒక్క పొడుపుతో దొరికింది.

పారిపోయానని రాస్తే అబద్ధం. కర్ర రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాను. అది భయం వల్ల కాదు. నన్ను ఎవరో ముట్టుకున్నారు, నా మీద ఎవరికో ఆశ ఉంది. అదే నాకు తెలిసింది. ఏడుపు ఆగాక మళ్ళీ కాలు చాచాను. మళ్ళీ వేళ్ళు వచ్చాయి. చివర్లో కుర్చీ ముందుకి వెళ్ళి, ఈసారి తెలిసి తెలిసి, వందనం పెట్టాను.

అప్పట్నుంచి వారం వారం వెళ్ళాను. తరవాత తరవాత మామూలు రోజుల్లో కూడా, భోజనాల గంట కొట్టాక అరగంట దొరికినా వెళ్ళేదాన్ని. చెయ్యి వీపు మీదకి వచ్చేది, తొడ మీదకి, మెడ మీదకి. మాట్లాడేది కాదు. తప్పు చేస్తే గట్టిగా నొక్కేది. బాగా చేస్తే వదిలేది. వదిలినప్పుడల్లా నాకు దిగులేసేది. కావాలని తప్పు చేసిన రోజులు కూడా ఉన్నాయి.

నా ఒంటి మీద నీలం మచ్చలు వచ్చాయి. ఒక రాత్రి దినారా డొక్క చూపిస్తుంటే నేనూ చొక్కా ఎత్తాను. గొప్పగానే ఎత్తాను.

తను మంచం మీంచి దిగి వచ్చింది. "రిమ్మా నిన్ను ముట్టుకోదు కదే. నీ ముందే ఉంటాను, నాకు తెలీదా?"

"ముట్టుకుంది. నువ్వు చూడలేదు."

దినారా తన కుడి అరచెయ్యి నా కుడి డొక్క మీద మచ్చకి ఆనించింది. వేలికి వేలు సరిపోయింది. అదే చెయ్యి ఎడమ డొక్క మీద పెట్టింది. అక్కడా సరిపోయింది. ఎడమచెయ్యి పెట్టి చూసింది. బొటనవేలు ఎటో పోయింది.

"ఒసేయ్" అంది మెల్లిగా. "రెండూ కుడిచేతులే."

ఆ రాత్రి తన మంచాన్ని అవతలి గోడవైపుకి జరుపుకుంది. తరవాత నన్ను లీస్వా అని పిలవడం మానేసింది. అసలు పిలవడమే మానేసింది.

డిసెంబరు రెండో వారం క్లాసులో రిమ్మా అర్కాద్యెవ్నా దిద్దుకుంటూ వచ్చి, దినారా దగ్గర ఆగి, మొదటిసారిగా నా వైపు చూసింది. నా చెయ్యి పక్కకి చాపి ఉంది. ఆవిడ కళ్ళు భుజం నుంచి, విడిగా నిలిచిన చిటికెనవేలి కొస దాకా నడిచాయి. నాలుగు నెలలు దేనికోసం ఎదురుచూశానో అది నాలుగడుగుల దూరంలో ఉంది. ఆవిడ చెయ్యి ఎత్తింది...

నా వెన్ను మీద పొడి వేళ్ళు ఐదూ ఒక్కసారి బిగుసుకున్నాయి. పట్టపగలు, ఇరవైమంది ముందు. ఊపిరి అందలేదు.

రిమ్మా అర్కాద్యెవ్నా చెయ్యి దించేసింది. "ఎవరి దగ్గరకి వెళ్తున్నావు నువ్వు?"

"ఎవరి దగ్గరకీ లేదండీ."

"అబద్ధాలాడకు. ఈ చెయ్యి నేను పెట్టింది కాదు. ఈ బళ్ళో ఎవరూ ఇలా పెట్టరు. నా క్లాసులో ఉంటూ ఇంకొకరి దగ్గర నేర్చుకునేవాళ్ళు నాకు అక్కర్లేదు. ఊళ్ళో ఎవరావిడ, డబ్బులిస్తున్నావా?"

"నేనే చేసుకుంటున్నానండీ. ఒక్కదాన్నే."

పియానో ఆగిపోయింది. నోన్నా బొరీసొవ్నా, డెబ్భై దాటిన ముసలావిడ, వాయించే మధ్యలో ఎన్నడూ ఆపదు. నా చెయ్యి వంకే చూస్తోంది.

క్లాసు అయ్యాక ఆ ముసలావిడ నడవాలో నా మోచెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండానే ఆగింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఏడో హాలా తల్లీ?"

తల ఊపాను.

"నేను ఇక్కడికి వాయించడానికి వచ్చిన కొత్తల్లో ఆ హాలు ఒకావిడది. అలా చిటికెనవేలు విడిచి చెయ్యి పెట్టించేది ఆవిడ ఒక్కతే. ఒక ఏడాది ఆవిడ క్లాసులో పిల్ల, మంచి పిల్ల, సంవత్సరం మధ్యలో వేరే టీచరు దగ్గరకి వెళ్ళిపోయింది. వెళ్తూ వందనం కూడా పెట్టలేదు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని ఉండిపోయింది. క్లాసు ఇంకా అవ్వలేదు అనేది. తాళం వేసేవాళ్ళొచ్చినా లేచేది కాదు."

"తరవాత?"

"తరవాతేముంది. మనిషి పోయింది. క్లాసు అయిందో లేదో నాకు తెలీదు." రుమాలుతో మూతి తుడుచుకుంది. "పరీక్షలో చివర వందనం రిమ్మాకి పెట్టాలి కదా నువ్వు. అది ఆలోచించుకో. ముందే ఆ కుర్చీలో ఆవిడకి చెప్పేసి వచ్చెయ్."

పరీక్ష శుక్రవారం. దానికి ముందు ఆదివారం చెప్పేసి వద్దామని వెళ్ళాను. నాలుగు గంటలకే పూర్తి చీకటి. బయట మంచు కురుస్తోంది, చప్పుడు లేకుండా. ఆ వేళ నీళ్ళు పెట్టలేదు. పాదాల గుర్తులు చూడదలచుకోలేదు. దీపం వేసి, తలుపు దగ్గరే నిలబడి, కుర్చీతో అన్నాను.

"నేను ఇంక రానండీ. పరీక్ష ఉంది. ఉంచుకోకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు. మీరు నేర్పింది మర్చిపోను."

గొట్టం టంగుమంది. అంతే. తేలిగ్గా అయిపోయిందనిపించింది. దినారా చెప్పినట్టే తువ్వాలు భుజాన వేసుకుని, వందనం పెట్టకుండా, వెనక్కి తిరిగి తలుపు పిడి పట్టుకున్నాను.

చీలమండ చుట్టూ వేళ్ళు పడ్డాయి.

లాగలేదు. ఉత్తినే పట్టుకున్నాయి, కాలు చాచమని చెప్పేటప్పుడు పట్టుకున్నట్టు. ఇంకో చెయ్యి నడుము మీదకి వచ్చింది. ఇంకోటి వీపు మీదకి. మెడ మీదకి ఇంకోటి. అన్నీ నన్ను నెమ్మదిగా తిప్పి, ఒక్కో అడుగే నడిపించుకుంటూ, కర్ర దగ్గరకి తీసుకెళ్ళి నిలబెట్టాయి. నా చెయ్యి ఎత్తి కర్ర మీద పెట్టాయి.

దీపం ఆరిపోయింది.

కిటికీలోంచి మంచు వెలుగు కొంచెం. అద్దంలో తెల్లగా నా మొహం ఒక్కటే. కాలు ముందుకి చాచారు. వెనక్కి తెచ్చారు. పక్కకి చాచారు. తెచ్చారు. నేను చెయ్యడం లేదు. నా చేత చేయిస్తున్నారు.

చెవి దగ్గర, ఊపిరి తగలకుండా, గుసగుస.

"మళ్ళీ."

"వదలండి."

"మళ్ళీ."

ఎంతసేపో తెలీదు. పాదం మంట పుట్టి, ఆ మంట పోయి, మొద్దుబారింది. కాలు నడుము ఎత్తు దాటింది. భుజం ఎత్తు దాటింది. తుంటి దగ్గర ఏదో పటుక్కుమంది... నేను అరిచాను. నడవాలో ఎవరూ లేరు. ఆదివారం. ఎవరూ రారు. అరుపు గోడకి తగిలి నా దగ్గరికే వచ్చింది.

"మళ్ళీ."

"అమ్మా..."

"మళ్ళీ."

అప్పుడు అర్థమైంది. ఆవిడకి కోపం లేదు. కక్ష లేదు. క్లాసు అవ్వలేదు, అంతే. ముగించాల్సింది నేను.

"పెడతాను" అన్నాను. "పెడతానండీ. వదలండి, పెడతాను."

చేతులన్నీ ఒకేసారి వదిలాయి. కూలిపోయాను. లేచి, గోడ తడుముకుంటూ, కుర్చీ ఉండే వైపు నడిచాను. చీకట్లో ఎంత దూరంలో ఉందో తెలీలేదు. నిలబడి, మోకాలు వంచి, తల దించాను. ఎప్పటిలా దించాను.

నుదురు దేనికో ఆనింది.

ఉన్ని బట్ట. దాని వెనక మోకాలు.

నా తల మీద ఒక అరచెయ్యి, చాలా మెల్లిగా, జుట్టు సర్దింది. అమ్మ సర్దినట్టే.

ఎలా బయటపడ్డానో గుర్తు లేదు. మెట్ల మీద కాపలా ఆవిడ చూసి, "ఏమ్మా, ఇంతలోకే అయిందా? తాళం తీసుకుని పావుగంట కూడా కాలేదు" అంది.

శుక్రవారం పరీక్ష. బల్ల వెనక ఐదుగురు కూర్చున్నారు. తుంటి నొప్పి లేదు, భయం లేదు. చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, కాలు ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళింది. బల్ల వెనకవాళ్ళు రాసుకోవడం ఆపి నన్నే చూస్తున్నారు. తలుపు పక్కన, కర్ర చివర ఉన్న నన్ను. బాగా చేస్తున్నానని తెలుస్తోంది. చేస్తున్నది నేను కాదనీ తెలుస్తోంది.

చివర వందనం. అందరూ రిమ్మా అర్కాద్యెవ్నా వైపు తిరిగారు. నేనూ తిరగబోయాను. మెడ తిరగలేదు. నా మోకాలు ఎడమవైపు, పియానోకీ కిటికీకీ మధ్య, ఎవరూ లేని చోటుకి వంగింది. ఇరవైమందిలో నేనొక్కదాన్నే అటు వంగాను. రిమ్మా అర్కాద్యెవ్నా చూసింది. నోన్నా బొరీసొవ్నా చూడలేదు. కళ్ళు మూసుకుని వాయిస్తోంది.

సాయంత్రం జాబితా చదివారు. నన్ను ఉంచుకున్నారు. కర్ర మధ్య చోటుకి మార్చారు కూడా. అమ్మ ఫోన్లో ఏడ్చింది. "చెప్పానా, ఏమీ అనట్లేదంటే బాగా చేస్తున్నట్టే" అంది. నేనూ ఏడ్చాను. ఇద్దరం వేరువేరు వాటికి ఏడ్చాం.

ఏడో హాలుకి తరవాత వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పని లేకపోయింది. మధ్య కర్ర దగ్గర నాకు అటూ ఇటూ పిల్లలు ఒక్కో అడుగు ఎక్కువ ఖాళీ వదిలి నిలబడేవాళ్ళు. ఎవరూ చెప్పుకున్నది కాదు, అలా కుదిరిపోయింది. రిమ్మా అర్కాద్యెవ్నా నోటితో పొగిడేది, దూరం నుంచి. చెయ్యి మాత్రం ఎత్తేది కాదు. రాత్రి చొక్కా ఎత్తి చూసుకుంటే ఎక్కడా నీలం మచ్చ లేదు. తెల్లగా, శుభ్రంగా ఉండేది. దిద్దడానికి ఏమీ మిగల్లేదేమో అనుకునేదాన్ని.

మరుసటి సెప్టెంబరులో జంట క్లాసు మొదలైంది. అబ్బాయిలతో కలిసి చెయ్యడం. నాకు ఇల్దార్ అనేవాణ్ణి ఇచ్చారు. కొత్తవాడు, ఉఫా నుంచి ఆ వారమే వచ్చాడు, నా గురించి ఏమీ తెలీదు. నవ్వు మొహం. "భయపడకు, ఇప్పటిదాకా ఒక్కర్నే పడేశాను. ఆవిడ కూడా బతికే ఉంది" అన్నాడు. ఇన్ని నెలల తరవాత ఒక మనిషి నాతో వేళాకోళమాడాడు. నాకు కళ్ళు తిరిగినంత పనైంది.

నేను కర్ర వదిలి మధ్యలోకి వచ్చి, ఒంటికాలి మునివేళ్ళ మీదకి లేవాలి. అతను నడుము పట్టుకుని, నా చుట్టూ నడుస్తూ నన్ను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. సంగీతం మొదలైంది. లేచాను. ఇల్దార్ చేతులు నా నడుము దగ్గరకి వచ్చాయి. పైకి జరిగాయి. కిందకి జరిగాయి.

"ఎక్కడ పట్టుకోమంటావు?" అన్నాడు గొంతు తగ్గించి.

"అందరూ పట్టుకునే చోటే."

"అక్కడ ఖాళీ లేదు."

"అంటే?"

నేను తిరగడం మొదలుపెట్టాను. సాఫీగా, అస్సలు ఊగకుండా. ముందు కిటికీ వచ్చింది. తరవాత పియానో. తరవాత గోడకి వరసగా నిలబడ్డ అమ్మాయిలు, వాళ్ళలో దినారా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. తరవాత టీచరు, సంగీతం ఆపమనడం మర్చిపోయి. తరవాత ఇల్దార్. పదడుగుల అవతల, వీపు గోడకి ఆనించి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

ఒక చుట్టు పూర్తయింది. సంగీతం అయిపోయింది.

మళ్ళీ కిటికీ వచ్చింది.